సేవాయాత్రకు సైకిలెక్కే ముందు

యాభై మూడేళ్ల మిత్రుడొకరు కొన్ని నెలల క్రితం ఒక కాగితం పట్టుకొని నా వద్దకు వచ్చారు. తలసీమియా పిల్లల చికిత్సకు విరాళాలు సేకరించేందుకు హైదరాబాదు నుంచి విజయవాడకు రెండు రోజుల్లో సైకిలుపై చేరాలని ఆయన సంకల్పం. దూరం దాదాపు 270 కిలోమీటర్లు. సైకిలు కొని అప్పటికి మూడు వారాలు. మధుమేహం వచ్చి పన్నెండేళ్లు. ఆయనకు కావలసింది ఆరోగ్య ధ్రువపత్రం మీద నా సంతకం. నేను పెట్టలేదు. "మంచిపనికి మీరే అడ్డుపడితే ఎలాగండీ?" అని ఆయన నొచ్చుకున్నారు. మీలోనూ ఇటువంటి ఆలోచన గలవారు ఉండవచ్చు గనుక, ఆయనకు చెప్పిన మాటలే ఇక్కడ రాస్తున్నాను.

ఇటువంటి యాత్రలను నేను తేలికగా చూడను. చర్మ క్యాన్సరుతో తల్లిని పోగొట్టుకున్న బిల్లీ స్టార్ అనే యువకుడు 1980లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో 36 మందితో ఒక సైకిలు యాత్ర ఆరంభించాడు. పాన్-మాస్ ఛాలెంజ్ అనే ఆ యాత్ర బోస్టన్‌లోని డానా-ఫార్బర్ క్యాన్సర్ సంస్థకు ఇంతవరకు వంద కోట్ల డాలర్లకు పైగా సమకూర్చింది. సైక్లిస్టులు సేకరించిన సొమ్ము మొత్తం ఆ సంస్థకే చేరుతుంది. నిర్వహణ ఖర్చులు వేరే దారిన భరిస్తారు. మన వారు ముందుగా నేర్చుకోవలసింది ఇదే. మీ సైకిలు, బస, భోజనం, వెంట వచ్చే వాహనం మీ జేబులోంచే పోవాలి. అవి విరాళంలోంచి పోతే, దాత మీ విహారానికి చందా ఇచ్చినట్లే. సొమ్ము మీ ఖాతాకు రాకుండా నేరుగా సంస్థకే చేరేలా చూడండి, రసీదు ఇప్పించండి.

ఇక శరీరం సంగతి. మధుమేహులకు గుండెపోటు ఛాతీనొప్పి లేకుండానే రావచ్చు. నేను సంతకం పెట్టకపోవడానికి మొదటి కారణం అదే. ఇన్సులిన్ గాని, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గాని వాడేవారికి తొక్కుతున్నప్పుడే కాక, ఆ రాత్రి నిద్రలోనూ చక్కెర పడిపోవచ్చు. మందు మోతాదు ముందుగా వైద్యునితో సరిచేయించుకోవాలి. మధుమేహం లేనివారికీ నిశ్చింత లేదు. గంటల తరబడి హ్యాండిల్‌పై బరువు మోపితే అరచేతి నరం నలిగి చిటికెనవేలు, ఉంగరపువేలు మొద్దుబారతాయి. మంచిదే కదా అని దాహానికి మించి వట్టి నీరు తాగుతూ పోతే రక్తంలో సోడియం తగ్గి తలనొప్పి, వాంతులు, మగత వస్తాయి. ఎండలో తోటి సైక్లిస్టు పొంతన లేకుండా మాట్లాడుతున్నాడంటే అది వడదెబ్బ కావచ్చు. వెంటనే నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి గాలి తగిలేలా చేస్తూ, అంబులెన్సును పిలవాలి. 'కాసేపు కూర్చుంటే సర్దుకుంటుందిలే' అనే ధోరణి ప్రాణం తీస్తుంది.

నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది మరొకటి ఉంది. "గమ్యం చేరితేనే ఇస్తాం", "కిలోమీటరుకు ఇంత" అనే షరతులతో చందాలు రాయిస్తారు. ఛాతీ బరువెక్కినా, కళ్లు తిరిగినా ఆ మనిషి ఆగగలడా? ఆగితే పిల్లల నోటి దగ్గరి సొమ్ము పోయిందనే అపరాధభావం వెంటాడుతుంది. కాబట్టి దాతలారా, నూరో కిలోమీటరు దగ్గర ఆగిపోయినా మీ విరాళం మారదని ముందే చెప్పండి. నా దృష్టిలో హెల్మెట్ తర్వాత అంతటి రక్షణ ఈ మాటే.

మరొక మాట. తీవ్రమైన తలసీమియా గల పిల్లలకు సాధారణంగా రెండు నుంచి ఐదు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. అలా ఒంట్లో పేరుకునే ఇనుమును తొలగించే మందులూ వాడుతూ ఉండాలి. అంటే వారికి డబ్బుతో పాటు రక్తమూ కావాలి. వీడ్కోలు సభకు వచ్చే వారిలో ఇరవై మంది రక్తమిచ్చినా ఎంతో మేలు. సైకిలెక్కేవారు మాత్రం ఆ ముందు వారాల్లో ఇవ్వకండి. తగ్గిన హిమోగ్లోబిన్ కోలుకోవడానికి వ్యవధి పడుతుంది.

నా మిత్రుడు యాత్రను వేసవి నుంచి జనవరికి మార్చుకున్నారు. రెండు రోజులను నాలుగు చేశారు. దాతలందరికీ ఫోను చేసి కిలోమీటర్ల షరతు తీయించారు. ఇద్దరు మాత్రం ఒప్పుకోలేదట. వారానికి కొంత చొప్పున దూరం పెంచుతూ, మొన్న ఆదివారం ఎనభై కిలోమీటర్లు తొక్కి వచ్చారు. సంతకం ఇంకా పెట్టలేదు. ట్రెడ్‌మిల్ పరీక్ష ఈ గురువారం.