నీటి లెక్క వంటింట్లో తేలదు

గిన్నెలు తోమేటప్పుడు కుళాయి కట్టేస్తే కరువు తీరుతుందన్నట్టు రాశారు మీ వ్యాసకర్త. బియ్యం కడిగిన నీళ్లు కరివేపాకు మొక్కకు పోసేవాళ్లకా ఈ పాఠం? దేశంలో వాడే నీటిలో 80 శాతం దాకా సేద్యానిదే. హైదరాబాద్‌లో ఇంటికి నెలకు ఉచితంగా ఇచ్చేది 20 వేల లీటర్లు, అంటే ఏడాదికి 2.4 లక్షలు. ఎకరం వరికి ఒక్క పంటకే 40 లక్షల లీటర్లు కావాలి. కొంత భూమిలోకి ఇంకుతుంది, నిజమే. అయినా పదహారేళ్లకు పైబడిన ఇంటి వాడకం అది! రైతును అనడానికి లేదు. సర్కారు ఊరూరా కాంటా పెట్టి మద్దతు ధరకు కొనేది వడ్లే, పైగా బోరుకు కరెంటు ఉచితం. జొన్నో కందో వేస్తే అంత నమ్మకంగా కొనేదెవరు? ఆ ఊసే ఎత్తలేదేం?

— ఒక గృహిణి, ఉప్పల్, హైదరాబాద్