తుప్పు అందమే, కానీ ఆగదు

రాయ్‌పూర్ హస్తకళల దుకాణాల్లో కనిపించే బస్తర్ ఇనుప బొమ్మలకు ముడిసరుకు చాలావరకు పాత తుక్కే. కొండగావ్ ప్రాంతపు లోహార్లు దాన్ని కొలిమిలో కాల్చి, సుత్తితో సాగగొట్టి జింకలు, గుర్రాలు, దీపాలు చేస్తారు. చివర్లో వార్నిష్ పూస్తారు. ఆ చివరి పనిలోనే అసలు సైన్సు ఉంది.

ఇప్పుడు పాత గేర్లు, గొలుసులు, బోల్టులతో చేసిన బొమ్మలను తోటల్లో తుప్పు రంగుతోనే వదిలేయడం ఫ్యాషనైంది. పైనున్న తుప్పే లోపలి ఇనుమును కాపాడుతుందని కొందరి నమ్మకం. అది రాగి, క్రోమియం, భాస్వరం వంటివి కలిపిన కార్టెన్ ఉక్కు విషయంలో నిజం. అదీ తడిసినా త్వరగా ఆరిపోయే చోటే. గుజిరీలో దొరికేది ఎక్కువగా మామూలు ఉక్కు. దాని తుప్పు గుల్లగా ఉంటుంది కాబట్టి నీరు, ఆక్సిజన్ లోపలికి దిగుతూనే ఉంటాయి. పైగా తుప్పుకి అసలు ఇనుముకంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు కావాలి. అందుకే పొరలు ఉబ్బి రాలతాయి, అతుకులు వదులవుతాయి.

రాయ్‌పూర్‌లో జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానాకాలం. బోల్టుల సందుల్లో చేరిన నీరు అంత తేలిగ్గా ఆరదు. పరిశ్రమల పొగలోని సల్ఫర్ డయాక్సైడ్ తోడైతే తుప్పు ఇంకా వేగంగా పడుతుంది.

తుక్కుతో కళ మంచి పనే. కానీ పార్కులో పిల్లలు ఆ బొమ్మల మీదికి ఎక్కుతారు. అందుకే నీరు నిలవని డిజైను, ఏటా వానలకు ముందు రంగులేని రక్షణ పూత, పాత పెయింటులో సీసం ఉందేమో పరీక్ష, ఈ మూడూ టెండరులోనే ఉండాలి. లేకపోతే నేటి కళాఖండం రేపు మళ్లీ గుజిరీకే చేరుతుంది.