బేస్‌మెంటు కబుర్లు: గుండు లోపలికి దిగిందా?

తుపాకుల సంగతి కదా అని అమ్మలూ అక్కలూ పేజీ తిప్పెయ్యకండి. మనలో శనివారం పూట రేంజికి వెళ్ళి కాగితం టార్గెట్లను కాల్చి వచ్చేవాళ్ళు కొందరున్నారు. ఆ కొందరిలో ఒకరిద్దరు తూటాలు కూడా బేస్‌మెంటులో స్వయంగా తయారుచేసుకుంటారు. ఈ నెల కబురు వాళ్ళకోసం, వాళ్ళ పక్కన నిలబడేవాళ్ళకోసమూను.

ముందు మాటలు తేల్చుకుందాం. తూటా అంటే నాలుగు వస్తువులు: ఇత్తడి కేసు, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమరు, లోపల మందు, మూతిలో బిగించిన గుండు. పేలిన కేసును ఏరి తెచ్చి, డైలో నొక్కి సైజుకి తెచ్చి, మిగిలిన మూడూ కొత్తవి పెట్టుకోవడమే హ్యాండ్‌లోడింగు. మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 25 మీటర్ల పిస్తోలు పోటీల్లో వాడే .22 తూటా ఈ లెక్కలోకి రాదు. అది ఫాక్టరీలో నింపినదే, ఒకసారి పేల్చి పారెయ్యవలసిందే. నేను చెప్పేది 9 మిల్లీమీటర్ల వంటి పిస్తోలు తూటాల గురించి.

సెమీ ఆటోమేటిక్ పిస్తోలులో స్లయిడు ముందుకు దూకుతూ మేగజీనులోని పై తూటాను తోసుకుపోతుంది. గుండు ముక్కు ఎదురుగా ఉన్న ఏటవాలుకు గుద్దుకుని, పైకెక్కి, బ్యారెలులోకి దూరుతుంది. కేసు మూతి పట్టు వదులుగా ఉంటే ఆ దెబ్బకు గుండు కేసులోకి దిగబడుతుంది. అదే తూటాను మళ్ళీ మళ్ళీ ఎక్కిస్తే ఇంకా దిగుతుంది. దీన్నే సెట్‌బ్యాక్ అంటారు.

వెంట్రుకవాసి దిగితే ఏమిటట అనకండి. మందు అంతే ఉంది, చోటు తగ్గింది. ఒత్తిడి పెరిగినకొద్దీ మందు మరింత వేగంగా కాలుతుంది, కాలినకొద్దీ ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. 9 మిల్లీమీటర్ల తూటాకు అమెరికా తయారీదారుల సంఘం పెట్టిన హద్దు చదరపు అంగుళానికి 35,000 పౌన్లు. మన కారు టైరులో ఉండేది సుమారు 32! గుండును అంగుళంలో వెయ్యింట ముప్ఫై వంతులు, అంటే ముప్పాతిక మిల్లీమీటరు, లోపలికి దించి చూస్తే ఒత్తిడి రెట్టింపు దాటిందని స్పీయర్ కంపెనీ తన పుస్తకంలో అచ్చువేసింది.

పోయిన నెల నాకే ఎదురయింది. వంతు పూర్తికాగానే బ్యారెలులో మిగిలిన తూటాను దింపి, పొదుపు బుద్ధితో మళ్ళీ మేగజీను పైనే పెట్టుకుంటూ వచ్చాను. మూడోసారి చేతిలోకి తీసుకుంటే ఎందుకో పొట్టిగా అనిపించింది. ఇంట్లో 29.2 మిల్లీమీటర్లకు చేసిన తూటా 28.5కి దిగింది. పేల్చకుండా పక్కన పెట్టి, ఆ రోజుకి ఇంటికి వచ్చేశాను.

ఆ రాత్రి నుంచి ఇలా పరీక్షిస్తున్నాను. అసలు తూటాలను ఆ గదిలో లేకుండా చేసి, మందూ ప్రైమరూ లేని బొమ్మ తూటాలు చేస్తాను, ఒక్కొక్క కంపెనీ కేసుతో ఒక్కొక్కటి. సిరాతో నంబరు వేసి పొడవు కొలిచి రాసుకుంటాను. గుండ్ల ముక్కులన్నీ ఒకేలా ఉండవు గనుక ఏ తూటాను దానితోనే పోల్చాలి. తరవాత మేగజీనులో పెట్టి స్లయిడును పూర్తి జోరుతో వదలాలి. చేత్తో మెల్లగా దించితే పరీక్షే కాదు. తీసి మళ్ళీ కొలవాలి. ఇలా మూడుసార్లు. ఒక్క దెబ్బకు 0.1 మిల్లీమీటరు మించి తగ్గితే ఆ రకం కేసులతో చేసినవన్నీ ఆపేస్తాను. ఇది నేను పెట్టుకున్న కట్టుబాటు.

వదులైతే మూతిని ఇంకా నొక్కుదామనిపిస్తుంది. అదే పొరపాటు. అతిగా నొక్కితే మెత్తని సీసం గుండు నలిగి అలాగే ఉండిపోతుంది, ఇత్తడి మాత్రం కొంచెం వెనక్కి విచ్చుకుంటుంది. పట్టు ఇంకా తగ్గుతుంది. కేసును సైజు చేసే డై సరిగా నొక్కుతోందా, మూతిని వెడల్పు చేసే ఎక్స్‌పాండరు మరీ లావుగా ఉందా, కేసు గోడలు పలచనా అన్నవి చూడాలి. నా విషయంలో ఎక్స్‌పాండరే దొంగ. దిగిన తూటాలను పేల్చకుండా సుత్తి పుల్లరుతో విప్పేశాను. ఇప్పుడు రేంజిలో ఒకసారి ఎక్కించి దింపిన తూటా మళ్ళీ మేగజీనులోకి వెళ్ళదు, వేరే డబ్బాలోకి వెళుతుంది.

ఇంకో మాట. కెనడాలో 2022 అక్టోబరు 21 నుంచి మామూలు మనిషి చేతి తుపాకి కొనడం, అమ్మడం, మరొకరి పేర మార్చడం ఆగిపోయింది. ఉన్నవాళ్ళు ఉంచుకోవచ్చు. అంటే బద్దలైన పిస్తోలు స్థానంలో ఇంకొకటి రాదు. వేళ్ళూ కళ్ళూ అయితే ఏ చట్టం ఉన్నా రావు.

కాలేజీలో ఫిజిక్సు ప్రాక్టికల్సప్పుడు వెర్నియర్ కాలిపర్‌ను తిట్టుకోని వాళ్ళు మనలో ఉన్నారా? డ్రాయరులో ఎక్కడో ఉంటుంది, బయటికి తీయండి. దానికి చివరికి ఒక పని దొరికింది. వచ్చే నెల మరో కబురు.