చట్టం తెలియదంటే ఒప్పుకోరు, తెలియజెప్పమంటే పలకరు

చట్టం తెలియదన్నది సాకు కాదని కోర్టులంటాయి. సరే. మరి జనానికి చట్టం చెప్పాల్సిందెవరని మేం అడుగుతున్నాం. ఏటా నవంబరు 9న బ్యానరు కట్టి, నాలుగు ఉపన్యాసాలిచ్చి, ఫొటోలు దిగితే న్యాయ విజ్ఞానం వచ్చేస్తుందా?

కంభం జనానికి హైకోర్టు మొదట మద్రాసులో. 1954లో గుంటూరులో. 1956లో హైదరాబాదులో. 2019 నుంచి అమరావతిలో. 1970లో మార్కాపురం, గిద్దలూరు తాలూకాలను కర్నూలు నుంచి తీసి ఒంగోలు జిల్లాలో కలిపారు. జిల్లా మారింది, హైకోర్టు ఊళ్లు తిరిగింది. నల్లమల కింది పల్లెలో మాత్రం కోర్టు కాగితం వస్తే చదివి చెప్పే మనిషి కోసం వెతుక్కోవాల్సిందే.

దీని నష్టం ఎంతో చూడండి. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేశారు. ముంపులో మన పల్లెలు పోతున్నాయి. భూసేకరణ చట్టంలో ఒక మెలిక ఉంది. 1894 చట్టంలో ఉంది, 2013 చట్టంలోనూ ఉంది. పరిహారం చాలదనుకునే రైతు 'అభ్యంతరంతో తీసుకుంటున్నాను' అని రాసి డబ్బు తీసుకోవాలి. రాయకుంటే పెంచమని అడిగే హక్కు పోతుంది. అవార్డు ప్రకటించినప్పుడు కలెక్టరు ఎదుట ఉన్న రైతు ఆరు వారాల్లో అర్జీ పెట్టాలి. తాతల నాటి భూమికి ఒక్క మాట, ఆరు వారాల గడువు! సర్కారు వకీలుకు ఇది కంఠతా వచ్చు. వేలిముద్ర వేసే రైతుకు ఎవరు చెప్పారు?

ఉచిత న్యాయ సహాయం ఎవరి దయాభిక్షా కాదు. 1976లో రాజ్యాంగంలో 39-ఎ చేర్చారు. చట్టం 1987లో చేశారు. అమలుకు 1995 నవంబరు దాకా ఆగారు. బీదల చట్టానికి ఎనిమిదేళ్ల నిద్ర! ఆ చట్టం ప్రకారం ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయం ఎంతని చూడకుండా వకీలును పెట్టాలి. 15100కు ఫోన్ చేసి అడగండి.

ఇంకా వినండి. ఫిర్యాదు ఇచ్చినవాళ్లకు ఎఫ్ఐఆర్ నకలు ఉచితం. అరెస్టు చేస్తే, ప్రయాణ సమయం పోను, 24 గంటల్లో మెజిస్ట్రేటు ముందుంచాలి. లోక్ అదాలత్‌లో రాజీ ఇష్టమైతేనే. కుదిరితే కోర్టు ఫీజు వాపసు వస్తుంది, కానీ ఆ తీర్పు మీద అప్పీలు లేదు. కేసుల లెక్క తగ్గించుకోవడానికి ఎవరైనా తొందరపెడితే సంతకం పెట్టకండి. కేసు మళ్లీ కోర్టుకే పోతుంది.

మేం కోరేది కోటలు కాదు. భూసేకరణ నోటీసుతో పాటే హక్కుల కాగితం తెలుగులో ఇవ్వాలి. గ్రామసభలో చదివి వినిపించాలి. మాట్లాడే భాషలో బడిపిల్లలకు నేర్పాలి.

అంతవరకూ ఆగుదామా? కంభం, గిద్దలూరు, మార్కాపురం వకీళ్లారా, చదువుకున్న తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! నెలకొక ఆదివారం ఒక పల్లె రచ్చబండ మీద కూర్చోండి. రైతు సంతకం పెట్టకముందే ఆ కాగితం చదివి చెప్పండి. పెట్టాక చెబితే ఏం లాభం?