'క్యారెక్టర్' గడిలో రాసిన మాట

మన కాలేజీల్లో చదువు ముగించి వెళ్లేటప్పుడు టీసీతో పాటు కాండక్ట్ సర్టిఫికెట్ కూడా చేతిలో పెడతారు. నడవడి 'సంతృప్తికరం' అని అందులో ఉంటుంది. ఆ మాటని ఎవరూ పట్టించుకోరు. అమెరికా సైన్యం నుంచి బయటికొచ్చే ప్రతి మనిషికీ అలాంటి కాగితమే ఒకటి ఇస్తారు. దాని పేరు డీడీ 214. అందులో 24వ గడి 'క్యారెక్టర్ ఆఫ్ సర్వీస్'. ఆ గడిలో టైపు చేసిన రెండు మూడు మాటలు మాత్రం మనిషిని చచ్చేదాకా వెంటాడతాయి. వైద్యానికీ, చదువుకిచ్చే డబ్బుకీ, ఉద్యోగానికీ, ఆఖరికి భార్యకి రావలసిన పెన్షన్‌కీ ఆ గడినే చూస్తారు.

మత్తుమందు వాడారన్న కారణంతో ఆ గడిలో మచ్చ పడ్డవాళ్లు దాన్ని మార్పించుకోడానికి ఇప్పటికీ అర్జీలు పెట్టుకుంటున్నారు. "అమెరికా సైనికుల గోడు మన పత్రికలో ఎందుకండీ?" అని మన సంస్థలోనే ఒక మిత్రురాలు అడిగింది. న్యాయమైన ప్రశ్నే. వియత్నాం మీద, ఇరాక్ మీద బాంబులు వేసిన సైన్యం అది. దాన్ని గౌరవించమని నేను అనడం లేదు. అది వాడుకుని పారేసిన మనుషుల్లో ఆడవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లని పారేయడానికి వాడిన తర్కం మనకి బాగా తెలిసినదే. అందుకే రాస్తున్నాను.

కొన్నేళ్ల కిందట పరిశోధన పని మీద ఆర్నెల్లు అక్కడ ఉన్నాను. సైన్యంలో పనిచేసి వచ్చిన స్త్రీలు వారానికోసారి కూర్చుని మాట్లాడుకునే చోటికి ఒక స్నేహితురాలు తీసుకెళ్లింది. అక్కడ కలిసిన ఒకామె కథ ఇది. గుర్తుపట్టే వివరాలన్నీ మార్చాను. ఆమె పంతొమ్మిదో ఏట సైన్యంలో చేరింది. 1990ల మాట. బళ్లు బాగుచేసే షెడ్డులో పని. పై అధికారి ఒకడు ఆమె మీద అత్యాచారం చేశాడు. ఫిర్యాదు చేయాలంటే అతనికీ, అతనితో కలిసి తిరిగే అధికారులకీ చేయాలి. చేయలేదు. వేరే చోటికి బదిలీ చేయమని రెండుసార్లు అర్జీ పెట్టింది. సరైన కారణం చూపలేదని రెండుసార్లూ తిరగ్గొట్టారు. రాత్రిళ్లు నిద్ర పట్టడం మానేసింది. పొద్దున హాజరుకి ఆలస్యం కాసాగింది. నిద్ర కోసం గంజాయి మొదలుపెట్టింది. ఒకరోజు మూత్ర పరీక్షలో బయటపడింది. విచారణ అక్కర్లేదని సంతకం పెడితే త్వరగా ఇంటికి పోవచ్చన్నారు. ఆ చోటు నుంచి బయటపడితే చాలనుకుని పెట్టేసింది.

కాగితంలో ఏం మిగిలింది? 'దుష్ప్రవర్తన, మత్తుమందుల వాడకం' అని మిగిలింది. అత్యాచారం ఏ గడిలోనూ లేదు.

ఈ తర్కం మనకి కొత్త కాదు. 1978లో హైదరాబాద్‌లో రమీజాబీ పోలీసుల మీద అత్యాచారం ఆరోపణ చేస్తే, విచారణ కమిషన్ ముందు పోలీసుల వాదన ఆమె శీలం చుట్టూనే తిరిగింది. బాధితురాలి నడవడి మంచిది కాదని చూపి ఆమె సాక్ష్యాన్ని కొట్టేయడానికి మన సాక్ష్య చట్టంలో 2002 సవరణ దాకా ఏకంగా ఒక సెక్షనే ఉండేది. ఆడదాని మీద ఏం జరిగిందన్న ప్రశ్నని పక్కకి నెట్టి, ఆమె ఎలాంటిది అన్న ప్రశ్నని ముందుకు తేవడం రాజ్యానికి ఎక్కడైనా అలవాటే. అమెరికా సైన్యం దానికి ఒక గడి, ఒక నంబరు కేటాయించింది, అంతే తేడా.

ఆ గడిలో రాసే మాటలు ముఖ్యంగా ఐదు. మొదటిది 'ఆనరబుల్', అంటే గౌరవప్రదం. రెండోది 'జనరల్'. ఇది వస్తే వైద్యం వంటివి దక్కుతాయి గానీ చదువు కోసం ఇచ్చే జీఐ బిల్లు డబ్బు పోతుంది. మూడోది 'అదర్ దేన్ ఆనరబుల్', గౌరవప్రదం కానిది. మిగిలిన రెండూ సైనిక కోర్టు శిక్షగా వేసేవి. మూడోదానికి కోర్టు అక్కర్లేదు. పై అధికారుల కాగితాలతోనే పని అయిపోతుంది. అది పడ్డవాళ్లకి సదుపాయాలు ఇవ్వాలా వద్దా అన్నది మాజీ సైనికుల శాఖ మళ్లీ విడిగా తేలుస్తుంది. మత్తుమందు కేసుల్లో చాలామందికి అంటగట్టేది రెండోదో మూడోదో.

మార్పించుకోడానికి రెండు దారులున్నాయి. బయటికొచ్చి పదిహేనేళ్లు దాటనివాళ్లు డిశ్చార్జి సమీక్ష బోర్డుకి అర్జీ పెట్టుకోవచ్చు. ఈ బోర్డులు 1944 నాటి జీఐ బిల్లుతో పుట్టాయి. ఆ గడువు దాటినవాళ్లు సైనిక రికార్డుల దిద్దుబాటు బోర్డుకి వెళ్లాలి. అక్కడ తప్పు తెలిసిన మూడేళ్లలోపు రావాలని నియమం. న్యాయం కోసం ఆ గడువుని సడలించే అధికారం బోర్డుకి ఉంది. తప్పునీ అన్యాయాన్నీ సరిచేయడం ఈ బోర్డు పని అని చట్టమే చెబుతోంది. ఈ మాట గుర్తుంచుకోవాలి. అందరూ దీన్ని 'అప్‌గ్రేడ్' అంటారు. స్లీపర్ టికెట్టు ఉన్నవాళ్లకి దయతలచి ఏసీ బెర్తు ఇచ్చినట్టు వినిపిస్తుంది. చట్టం వాడిన మాట దిద్దుబాటు. తప్పు రాసినవాళ్లు దిద్దుకోవాలి. అర్జీదారు దేబిరించాల్సిన పని లేదు.

మత్తు అనేది మనిషి శీలానికి గుర్తా, పరిస్థితికి గుర్తా? ఈ ప్రశ్నకి జవాబు చెప్పింది ఒక స్త్రీయే, మా సమాజశాస్త్రం నుంచే వచ్చిన లీ రాబిన్స్. 1971 జూన్‌లో వియత్నాం నుంచి తిరిగొచ్చే సైనికులకి మూత్ర పరీక్షలు మొదలుపెట్టారు. హెరాయిన్ అలవాటైన వేలమంది వీధుల్లోకి వచ్చిపడతారని దేశమంతా బెదిరిపోయి ఉంది. ఆ సెప్టెంబరులో తిరిగొచ్చినవాళ్లలో సుమారు 900 మందితో రాబిన్స్ బృందం 1972లో మాట్లాడింది. దాదాపు సగం మంది అక్కడ నల్లమందో హెరాయినో రుచి చూసినవాళ్లే. అయిదో వంతు మంది దానికి బానిసలయ్యామన్నారు. ఇంటికొచ్చాక మొదటి సంవత్సరంలో అలా బానిసలైనవాళ్లలో మళ్లీ ఆ స్థితికి చేరింది నూటికి అయిదుగురే. యుద్ధం నుంచి బయటపడితే చాలామందిని మత్తూ వదిలేసింది. చెడ్డవాళ్లు కాబట్టి తాగారన్న సిద్ధాంతం అక్కడే కూలిపోయింది.

సైన్యానికి ఇది బొత్తిగా తెలియదనడానికి లేదు. 1971 ఆగస్టులోనే రక్షణ మంత్రి మెల్విన్ లైర్డ్, కేవలం సొంత వాడకం వల్ల మచ్చపడ్డ డిశ్చార్జీలని మళ్లీ చూడమని ఆదేశించాడు. బలవంతంగా తీసిన మూత్ర పరీక్షని వాడి గౌరవం తీసేసిన కేసుల్లో ఆ గౌరవాన్ని తిరిగివ్వాలని 1980లో వాషింగ్టన్ అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది. ఆ మరుసటి ఏడాది మే 26న నిమిట్జ్ అనే యుద్ధనౌక మీద విమానం కూలి 14 మంది చనిపోయారు. చనిపోయినవాళ్లలో కొందరి ఒంట్లో గంజాయి ఆనవాళ్లు కనిపించాయి. అక్కడి నుంచి గాలి తిరిగింది. సహించేది లేదన్న విధానం, ఎప్పుడు పిలుస్తారో తెలియని పరీక్షలు రోజువారీ అయిపోయాయి. నేను చెప్పిన స్త్రీ ఆ కాలపు మనిషి. నౌక మీద ప్రమాదం జరగకూడదన్న భయం నిజమైనదే, కాదనను. పనిలోంచి పక్కకి తప్పించడానికి ఆ భయం కారణం కావచ్చు. బతికినంతకాలం వైద్యం లేకుండా చేయడానికి అది కారణం కాదు.

మళ్లీ కొంత కదలిక రావడానికి ముప్ఫై ఏళ్లు పైన పట్టింది. యుద్ధ గాయంతో మనసు చెదిరినవాళ్ల అర్జీలని ఉదారంగా చూడమని 2014లో రక్షణ మంత్రి చక్ హేగెల్ ఆదేశించాడు. 2017 ఆగస్టు 25న వచ్చిన కుర్టా ఆదేశం లైంగిక దాడినీ లైంగిక వేధింపునీ స్పష్టంగా చేర్చింది. బోర్డు నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. తప్పుని మన్నించదగిన స్థితి గానీ అనుభవం గానీ ఆ మనిషికి ఉందా? అది సైన్యంలో ఉన్నప్పటిదేనా? అది ఆ తప్పు బరువుని నిజంగా తగ్గిస్తుందా? ఆ డిశ్చార్జి కన్నా అది బరువైనదా? ఫిర్యాదు కాగితం లేకపోయినా ఆమె మాటే సాక్ష్యం కావచ్చని కూడా అందులో ఉంది. బదిలీ కోసం పెట్టిన అర్జీలు, పనిలో వచ్చిన తేడా, మత్తుమందు వాడకం, ఇవన్నీ దాడి జరిగిందనడానికి ఆనవాళ్లు కావచ్చంది.

ఈ చివరి మాట దగ్గర కొంచెం ఆగుదాం. ఆమెని వెళ్లగొట్టడానికి నేరంగా వాడిన పరీక్ష ఫలితమే ఆమె వైపు సాక్ష్యంగా నిలబడుతోంది. ఫైలు అదే, అందులో కాగితాలూ అవే. చదివే పద్ధతి మారింది. ఇళ్లలో, ఆస్పత్రుల్లో, కోర్టుల్లో ఆడవాళ్ల గురించి రాసిపెట్టిన కాగితాలని తిరగేసి చదవాలని మనం ఇన్నేళ్లుగా అంటున్నది ఇదే కదా!

అయితే ఆదేశం కాగితం మీద ఉండటం వేరు, బోర్డు పాటించడం వేరు. నా పరిచయస్తురాలి మొదటి అర్జీని రికార్డులో ఫిర్యాదు లేదని కొట్టేశారు. 2017 తర్వాత ఒక న్యాయ కళాశాల విద్యార్థినుల సాయంతో మళ్లీ పెట్టింది. పాత బదిలీ అర్జీలు, ఆలస్యాల పట్టీ, అప్పట్లో గది పంచుకున్న అమ్మాయి ఉత్తరం జతచేశారు. చివరికి మూడో మాట తీసి రెండో మాట రాశారు. వైద్యం దొరికింది. నర్సింగు చదవాలన్న కోరికకి డబ్బు దొరకలేదు. ఇంకోసారి అడుగుతారా అన్నాను. "వాళ్లిచ్చే గౌరవం నాకక్కర్లేదు. తప్పు రాశామని ఒప్పుకుంటే చాలు," అంది.

సైన్యంలో అత్యాచారానికి గురై అన్యాయంగా బయటికి నెట్టబడ్డవాళ్లకి దారే లేకుండా పోయిందని హ్యూమన్ రైట్స్ వాచ్ 2016లో ఒక నివేదికే రాసింది. మాజీ సైనికుల శాఖ ఆస్పత్రుల్లో అడిగినప్పుడు ప్రతి ముగ్గురు స్త్రీలలో సుమారు ఒకరు, ప్రతి యాభై మంది పురుషుల్లో ఒకరు సైన్యంలో లైంగిక హింసకి గురయ్యామని చెబుతున్నారు. కోర్టుకెక్కితే తప్ప బోర్డులు కదలలేదు. పాత తిరస్కరణలని మళ్లీ చూసేలా సైన్యంతో 2021లో, నౌకాదళంతో 2022లో ఒప్పందాలు జరిగాయి. 2024లో మాజీ సైనికుల శాఖ తన నిబంధనలనీ కొంత సడలించింది.

నాకు ఇంకో సందేహం కూడా ఉంది. గాయం చూపించినవాళ్లకే క్షమ అంటే, చూపించలేనివాళ్ల మాటేమిటి? 'మంచి బాధితురాలు'గా నిరూపించుకోవడం కూడా క్యారెక్టర్ పరీక్షే. నల్లజాతి సైనికులకి గౌరవప్రదమైన డిశ్చార్జీలు తక్కువగా దక్కుతున్నాయని రక్షణ శాఖ వేసిన సంఘమే 1972లో తేల్చింది. సరదాకి ఒకసారి గంజాయి తాగిన ఇరవయ్యేళ్ల కుర్రాడికి ఏ గాయమూ ఉండకపోవచ్చు. అంతమాత్రాన జీవితాంతం శిక్షా? చాలా రాష్ట్రాల్లో గంజాయి ఇప్పుడు నేరం కాదు. కాలంతో పాటు తప్పు బరువు మారుతుందని 2018 నాటి విల్కీ ఆదేశమూ ఒప్పుకుంది.

ఇక ఆ గడి బరువు మోసేది సైనికులొక్కరే కాదు. వైద్యం దొరకని భర్తని ఇంట్లో చూసుకునేది భార్య, తల్లి, చెల్లెలు. అతను పోయాక పెన్షన్‌కి అడ్డుపడేదీ ఆ గడే. చనిపోయిన మనిషి తరఫున భార్య అర్జీ పెట్టుకోవచ్చని చట్టంలో ఉంది. భర్త గురించి రాసిన మాటని దిద్దించడానికి ముసలితనంలో కాగితాలు వెతుక్కునే పని కూడా ఆడవాళ్ల మీదే పడుతోంది.

కాబట్టి అడగాల్సినవి సూటిగా అడగాలి. వైద్యానికీ డిశ్చార్జికీ లంకె తెంచాలి. బోర్డు ఎదుట మాట్లాడే అవకాశం, ఉచితంగా న్యాయవాది ప్రతి ఒక్కరికీ ఉండాలి. అర్జీ కోసం చూడకుండా, మత్తుమందు కారణంగా పంపేసినవాళ్ల ఫైళ్లని సైన్యమే తీసి చదవాలి. వియత్నాం నాటివాళ్లకి డెబ్బై ఏళ్లు దాటాయి, వాళ్లకి అంత వ్యవధి లేదు. అన్నిటికన్నా ముందు, దిద్దినప్పుడు ఎందుకు దిద్దుతున్నారో రాయాలి. ఆమె మీద దాడి జరిగిందనీ, అది దాచి ఆమెని తప్పుపట్టామనీ రాయాలి. డీడీ 214లో దానికి ఏ గడీ లేకపోతే ఒక గడి చేర్చమనే మనం అడగాలి.