లాభం ఉంది, డబ్బేదీ?

గత సంచిక అందిన తర్వాత హోసూరు సభ్యులొకరు తాము షేర్లు కొన్న కంపెనీ వార్షిక నివేదిక పంపి, "నిర్వహణ లాభం బాగా పెరిగిందంటారు, డివిడెండు ఇవ్వడానికి మాత్రం చేతిలో డబ్బు లేదంటారు. ఇదెట్లా సాధ్యమండీ?" అని అడిగారు. పదవీ విరమణ సొమ్ములో కొంత అందులో పెట్టారట. సాధ్యమే. ఎట్లాగో చూద్దాం.

వ్యాపారంలో వచ్చిన రాబడిలోంచి దాన్ని నడపడానికైన ఖర్చులు తీసేస్తే మిగిలేది నిర్వహణ లాభం. వడ్డీ, ఆదాయపు పన్ను ఇంకా తీయలేదన్నమాట. అయితే రాబడి అంటే చేతికొచ్చిన రొక్కం కాదు. మన కిరాణా కొట్లలో "నేడు నగదు, రేపు అరువు" అని బోర్డు కడతారు. కంపెనీలకు ఆ వీలు లేదు. సరుకు డీలరు వశమైన రోజే అమ్మకం జరిగినట్టు రాస్తారు, డబ్బు ఆరు నెలలకు వచ్చినా సరే. ఇందులో మోసం లేదు, పద్ధతే అది.

కోయంబత్తూరు మోటారు పంపులు మనకు తెలిసినవే గదా. అక్కడ ఒక కంపెనీ ఉందనుకోండి. (లెక్క నేను కల్పించినదే.) మార్చి నెలాఖరున, అడగని డీలర్లకు కూడా, కోటి రూపాయల పంపులు అరువు మీద పంపింది. తయారీకి అయింది 80 లక్షలు. ఒక్క రూపాయి రాకుండానే లాభం 20 లక్షలు పెరిగింది! దాన్ని కలుపుకొని ఏడాది లాభం 160 లక్షలు అనుకుందాం. ఇంకా రెండు పద్దులు మిగిలాయి. రావలసిన బాకీలు 2 కోట్లు. వాటిలో రానివి 2 శాతమే ఉంటాయని ఒక అకౌంటెంటు 4 లక్షలు కేటాయిస్తాడు. ఇంకొకాయన 10 శాతమని 20 లక్షలు. అట్లాగే 2 కోట్ల యంత్రానికి తరుగుదల పదేళ్లకు సమానంగా పంచితే ఏడాదికి 20 లక్షలు. తగ్గుతున్న విలువ మీద 20 శాతం చొప్పున వేస్తే మొదటి ఏడాది 40 లక్షలు. మొదటాయన లెక్కలో లాభం 136 లక్షలు, రెండో ఆయన లెక్కలో 100. అమ్మినవి అవే పంపులు, వచ్చిన డబ్బు అంతే. తగిన కారణం చూపిస్తే ఆడిటరు రెంటిలో దేనికైనా సంతకం చేయవచ్చు.

కంపెనీలనే అనడమెందుకు? ఒకప్పుడు మా బ్యాంకులూ వసూలు కాని వడ్డీని రాబడిగా రాసుకున్నవే. మన తెలుగువారైన మైదవోలు నరసింహం గారి కమిటీ 1991లో నివేదిక ఇచ్చాక, రిజర్వు బ్యాంకు 1992-93 నుంచి దాన్ని మాన్పించింది. ఆ ఏడు పలు ప్రభుత్వ బ్యాంకుల లాభాలు నష్టాలుగా తేలాయి.

ఇవన్నీ పద్ధతుల్లో తేడాలు. హద్దు దాటితే ఏమవుతుందో హైదరాబాదు సత్యం కంపెనీ చూపించింది. 2008 సెప్టెంబరు త్రైమాసికానికి నిర్వహణ లాభం 649 కోట్లని ప్రకటించారు. అసలు 61 కోట్లేనని 2009 జనవరి 7న చైర్మనే లేఖ రాశారు. దొంగ బిల్లులతో అమ్మకాలు పెంచారు. ఆ బాకీలు ఎల్లకాలం వసూలు కాకుండా ఉంటే అనుమానం వస్తుంది గనుక వసూలైనట్టు, బ్యాంకులో ఉన్నట్టు చూపించారు. అట్లా పుస్తకాల్లో లేని నగదు 5,040 కోట్లకు చేరింది. బ్యాంకు నిల్వల ధ్రువీకరణ కంపెనీ చేతుల మీదుగా కాక, బ్యాంకు నుంచి నేరుగా ఆడిటరుకు రావాలని మేము పట్టుబట్టేది ఇందుకే.

హోసూరు మిత్రుల కంపెనీ సంగతికొస్తే, అక్కడ అంత దారుణం నాకేమీ కనిపించలేదు. కాని అమ్మకాల కంటే బాకీలు చాలా వేగంగా పెరిగాయి. నగదు రాకపోకల పట్టికలో వ్యాపారం మీద వచ్చిన సొమ్ము లాభంలో సగం కూడా లేదు. బ్యాంకులో సాధారణంగా 90 రోజులు దాటిన బాకీల మీద మేము అప్పు లెక్కకట్టం. అవి పుస్తకంలో ఎంత అందంగా ఉన్నా సరే. 2021-22 నుంచి ప్రతి కంపెనీ తన బాకీల వయసు పట్టికను లెక్కల వివరణల్లో అచ్చువేయాలి. ఆరు నెలల లోపువి, ఏడాది లోపువి, రెండేళ్లవి, మూడేళ్లు దాటినవి అని గళ్లుంటాయి. అయ్యా, నిరుటి నివేదిక కూడా ఇంట్లో ఉంటే తీసి, రెంటిలోనూ కుడివైపు గళ్లు పోల్చి చూడండి. అక్కడి అంకె ఏడాదిలో ఎంత పెరిగిందో, దానికి ఎంత కేటాయించారో నాకు రాయండి.