విడిది బండ్లకూ దశబంధం ఉండాలి

కరువు సీమకు నీళ్లు చూడటానికి జనం వస్తారంటే ఒకప్పుడు నవ్విపోయేవారు. నేడు ఆ మాట నిజమైంది. శనివారం సాయంత్రమైతే గండికోట లోయ అంచున గుడారాలు వెలుస్తున్నాయి. బెంగుళూరు, హైదరాబాదు నంబర్ల కార్లు అవుకు జలాశయం దారి పడుతున్నాయి. వేసవిలో శ్రీశైలం నీరు వెనక్కి తగ్గి సంగమేశ్వరం గుడి బయటపడినప్పుడు ఆ బురదనేలకు యాత్రికులు వరుస కడుతున్నారు. ఇప్పుడు వీటికి తోడు కారవాన్లు అనే విడిది బండ్ల మాట వినవస్తోంది. కేరళ ప్రభుత్వం 2021లోనే ఇందుకు ఒక విధానం ప్రకటించింది. మన రాష్ట్ర పర్యాటకశాఖ కూడా ఈ బండ్లను ప్రోత్సహించాలని తలపెట్టింది. గండికోట అభివృద్ధికి కేంద్రం 2024లో దాదాపు 78 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. కనుక ఈ బండ్లు రేపోమాపో మన చెరువు కట్టలకు రాక తప్పదు. అవి వచ్చేలోపు మన గ్రామాలు ఆలోచించుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి.

కారవాన్ అంటే నడిచే ఇల్లు. బయటికి చిన్న బస్సులా కనిపిస్తుంది. లోపల పడక, పొయ్యి, నీళ్ల తొట్టి, మరుగుదొడ్డి ఉంటాయి. నలుగురైదుగురున్న సంసారం హోటలుతో పని లేకుండా నీళ్ల ఒడ్డున బండి నిలుపుకుని రాత్రి గడిపి, తెల్లవారి సూర్యోదయం చూసి మరో ఊరికి సాగిపోతుంది. అమెరికాలో దీనిని ఆర్‌వీ అంటారు. అక్కడ స్థిరపడిన మన తెలుగువారు కూడా వేసవి సెలవుల్లో ఇటువంటి బండ్లు బాడుగకు తీసుకుని ఎల్లోస్టోన్ వంటి సరస్సుల చుట్టూ తిరిగి వస్తున్నారు.

బండి కొత్తదే గాని అలవాటు కొత్తది కాదు. శివరాత్రికి మహానందికి, యాగంటికి, బ్రహ్మంగారి మఠానికి గూడుబండ్లు కట్టుకుని బియ్యం, వంటసామాను వేసుకుని వెళ్లినవారి మనుమలే నేటి గ్రామస్థులు. దారిలో చెరువు కనబడితే ఎద్దులను విప్పి, మూడు రాళ్లు పెట్టి వండుకుని, బండి కిందే పడుకునేవారు. గొర్రెల మందలతో నెలల తరబడి తిరిగే కాపరులకు చెరువు గట్టే నేటికీ విడిది. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగానే వెళ్లారు. వెంట డేరాలు, బోయీలు, పరివారం ఉన్నా, దిగిన ప్రతి మజిలీలో నీరు ఎక్కడున్నది, నీడ ఎక్కడున్నది, అంగడి ఉన్నదా లేదా అని చూసి రాసుకున్నారు. ఆయన కాశీయాత్రచరిత్ర చదివినవారికి బాటసారి బతుకులో నీటికున్న విలువ బోధపడుతుంది.

అయితే వచ్చేవారికి తెలియవలసిన సత్యం ఒకటున్నది. కాశ్మీరంలో మాదిరి దేవుడిచ్చిన సరస్సులు కావు ఇవి. కర్నూలు, కడప ప్రాంతాలలో కంటికి ఇంపుగా కనిపించే ప్రతి నీటి అద్దం వెనుక ఎవరిదో చెమట ఉంది, ఎవరిదో నష్టం ఉంది. పోరుమామిళ్ల చెరువునే చూడండి. విజయనగర రాకుమారుడు భాస్కర భవదూరుడు దీనిని కట్టించినట్లు 1369 నాటి శాసనం చెబుతోంది. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్లు తోలడానికి వంద బండ్లు రెండేళ్లపాటు పనిచేస్తే ఆ కట్ట లేచింది. మంచి చెరువుకు పన్నెండు అంగాలుండాలనీ, ఆరు దోషాలు ఉండరాదనీ అదే శాసనం వివరించింది. కట్ట నుంచి నీరు ఊరడం, చెరువు నడుమ మెరక ఉండటం, నేల చవుడు కావడం ఆ దోషాలలో కొన్ని.

ఇక మన కాలపు జలాశయాల మాట. శ్రీశైలం నీటి కింద 1981 నాటికి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలకు చెందిన సుమారు వంద గ్రామాలు మునిగాయి. దాదాపు 27 టీఎంసీల గండికోట జలాశయం నిండటానికి 2020లో తాళ్లప్రొద్దుటూరు వాసులు ఇళ్లు వదిలి పోవలసి వచ్చింది. పట్నవాసి ఫొటో తీసుకునే నీలిరంగు నీటి అడుగున ఒక ఊరి రచ్చకట్ట, ఒక రైతు కల్లం, ఒక కుటుంబపు సమాధులు ఉండవచ్చు. ఈ సంగతి చెప్పడం యాత్రికులను రావద్దనడానికి కాదు. ఆ నీటిపై మొదటి హక్కు, ఆ నీటి వల్ల వచ్చే రాబడిలో మొదటి వాటా ఎవరివో మరువరాదని చెప్పడానికే.

విడిది బండి వల్ల చెరువుకు చెరుపు ఉంటుందా అని కొందరు అడగవచ్చు. బండిలోని మరుగుదొడ్డి మైల అడుగున ఒక తొట్టిలో చేరుతుంది. గిన్నెలు కడిగిన నీరు మరొక తొట్టిలో చేరుతుంది. రెండు మూడు రోజులకు వాటిని ఎక్కడో ఒకచోట ఖాళీ చేయాలి. ఖాళీ చేసే చోటు ఏర్పాటు చేయకపోతే చీకటి పడ్డాక వంకలోకో, మరువ కిందికో వదిలేవారు ఉండరని ఎవరు హామీ ఇవ్వగలరు? అవే నీళ్లను మరునాడు పశువులు తాగుతాయి. మైలవరం వంటి జలాశయాలపై పొలాలే కాదు, ప్రొద్దుటూరు వంటి పట్టణాల దాహం కూడా ఆధారపడి ఉంది.

సీసాల సంగతి అంతకంటే ఘోరం. రాత్రి తాగి విసిరిన సీసా నీటిలో మునిగితే కనబడదు. ఎండాకాలం చెరువు ఇంకాక ఆ పెంకులే మేతకు దిగిన ఎద్దు గిట్టలో దిగుతాయి. ఒండ్రుమట్టిని ట్రాక్టర్లతో పొలాలకు తోలుకునే రైతుకు మట్టితోపాటు గాజు, ప్లాస్టిక్ కూడా ముడుతుంది. మడిలో నాటు వేసే ఆడకూలీ కాలు తెగితే ఆమెకు పోయేది ఒకనాటి కూలి మాత్రమే కాదు. పోరుమామిళ్ల శాసనాన్ని ఇప్పుడు రాయిస్తే దీనిని ఏడో దోషంగా చేర్చవలసి ఉంటుంది.

బయటి దేశాలు ఈ చిక్కును ఎప్పుడో గుర్తించాయి. అమెరికాలో ఆనకట్టలు కట్టిన సైనిక ఇంజనీర్ల శాఖే అనేక జలాశయాల ఒడ్డున విడిది స్థలాలు నడుపుతోంది. ప్రతి బండికీ నంబరు వేసిన జాగా, కరెంటు, మంచినీటి కొళాయి, మైల ఖాళీ చేసే గొయ్యి ఉంటాయి. చాలాచోట్ల 14 రోజులకు మించి ఒకేచోట ఉండనివ్వరు. వచ్చినవాడు రుసుము చెల్లించాలి, తన చెత్త తాను ఎత్తాలి. ఇందులో మనకు చేతకానిది ఏమీ లేదు. గట్టిగా కట్టిన ఒక సెప్టిక్ ట్యాంకు, రెండు కొళాయిలు, నాలుగు వేపచెట్ల నీడ, ఒక కాపలా మనిషి ఉంటే ఒక చిన్న విడిది నడుస్తుంది.

స్థలం ఎంపిక ముఖ్యం. చెరువు కట్టపై బరువైన బండ్లు ఎక్కరాదు. కట్ట తెగితే ఆయకట్టు మొత్తం పోతుంది. నీరు వచ్చే వంకల్లో, చెరువు లోపలి శిఖం భూమిలో దిగరాదు. రాత్రికి రాత్రే పైన వాన పడితే వంక ఒక్కసారిగా వస్తుంది. ఊరికి దగ్గరగా, నీటికి ఎగువన కాకుండా మెరకనేల చూసి విడిది ఏర్పాటు చేయాలి. గండికోట లోయ అంచున చాలాచోట్ల అడ్డుగోడ లేదు. చీకట్లో అక్కడ గుడారం వేయనివ్వడం తగదు. దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లే అడవి దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 గంటల వరకు గేట్లు మూస్తారు. పెద్దపులుల అభయారణ్యంలో దారి పక్కన బండి నిలిపి నిద్రపోదామనుకుంటే కుదరదని ఆత్మకూరు, వెలుగోడు వైపు వచ్చే యాత్రికులకు ముందే తెలపాలి.

పడవల విషయంలో ఎంత జాగ్రత్తపడినా తక్కువే. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద జరిగిన ఘోరం రాష్ట్రమంతా ఎరుగును. 2023 మే నెలలో మన అవుకు జలాశయంలోనే విహార పడవ మునిగి ప్రాణాలు పోయాయి. లైఫ్ జాకెట్టు లేనిదే ఎవరినీ పడవ ఎక్కించరాదు. గాలి లేచిందంటే పడవ కదలరాదు. నీటి లోతుపాతులు, గాలి గుణం ఎరిగిన మత్స్యకారులకే శిక్షణ ఇచ్చి ఆ పని అప్పగిస్తే యాత్రికుడికి క్షేమం, ఊరికి బతుకుతెరువు.

అన్నిటికంటే ముఖ్యమైనది డబ్బు సంగతి. మన సీమలో దశబంధం అనే పాత కట్టుబాటు ఒకటుండేది. చెరువు తవ్వించినవారికి, దానిని మరమ్మతులో ఉంచేవారికి ఆ చెరువు కింది భూమిలోనో, శిస్తులోనో కొంత మాన్యంగా వదిలేవారు. పదోవంతు అనే అర్థం పేరులోనే ఉన్నది. ఊరిని బట్టి వాటా మారేది. కడప ప్రాంతంలో ఈ మాన్యాలు విస్తారంగా ఉండేవి. షరతు మాత్రం ఒక్కటే. చెరువు బాగుంటేనే మాన్యం. కాలక్రమంలో ఆ మాన్యాలు పోయాయి, వాటితోపాటు ఆ పూచీ కూడా పోయింది. నేడు అనేక చెరువుల తూములు కారుతున్నాయి, కట్టలపై సర్కారుతుమ్మ మొలిచింది.

విడిది బండ్ల రాబడికి ఈ దశబంధాన్ని మళ్లీ వర్తింపజేయాలి. జాగా అద్దె, గుడారం అద్దె, పడవ టిక్కెట్టు, బండి నిలిపినందుకు రుసుము, ఏది వసూలైనా అందులో పదోవంతు ఆ చెరువు మరమ్మతుకే చెందాలి. ఆ సొమ్ము జిల్లా కేంద్రానికో, రాజధానికో పోకుండా ఊరిలోనే జమ కావాలి. 1997 చట్టం కింద ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘాలు, గ్రామపంచాయతీ కలిసి దాని లెక్క చూడాలి. ఎంత వచ్చింది, తూముకెంత, కంపచెట్లు కొట్టడానికెంత ఖర్చయిందో పంచాయతీ గోడమీద నెలనెలా రాయాలి. మిగిలిన రాబడిలో పనులు, అంగళ్లు ముంపు గ్రామాలవారికి, మహిళా సంఘాలకు ముందుగా దక్కాలి. జొన్నరొట్టె, రాగిసంగటి, చెనిక్కాయల చట్నీ పట్నవాసికి అపురూపమే. భూమి నీటికిచ్చినవాడు అదే నీటి ఒడ్డున కేవలం రాత్రి కాపలావాడిగా మిగిలిపోవడం న్యాయం కాదు.

పది బండ్లు వస్తే ఇంత రాద్ధాంతమెందుకని అధికారులు అనవచ్చు. పది వచ్చినప్పుడు నిబంధన పెట్టడం సులభం. వంద వచ్చాక పెట్టబోతే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్లవుతుంది. రుసుములంటే యాత్రికులు బెదిరిపోతారని ఇంకొందరు అంటారు. లక్షల విలువైన బండిలో వచ్చేవాడు శుభ్రమైన చోటుకు రుసుము ఇవ్వడానికి వెనుకాడడు. మురికి చూస్తేనే మళ్లీ రాడు. చెరువు నీటిపారుదల శాఖది, విడిది పర్యాటకశాఖది, దారి మరొకరిది, చెత్త పంచాయతీది అని తలా ఒకవైపు లాగితే ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిన సామెత నిజమవుతుంది. ప్రతి జలాశయానికీ జవాబు చెప్పే అధికారి ఒక్కరుండాలి. ఆ పేరు అక్కడి బోర్డుమీద ఉండాలి.

అసలు ఈ బండ్లే వద్దనే గ్రామస్థులూ ఉన్నారు. వారి భయం అర్థం చేసుకోదగినదే. అయితే బాటసారికి నీళ్లు లేవనడం ఈ సీమ సంప్రదాయం కాదు. దారి పొడవునా చలివేంద్రాలు పెట్టిన నేల ఇది. ఆపడం కంటే కట్టుబాటు చేయడం మేలు. ఆ కట్టుబాటు మనతోనే మొదలు కావాలి. కోళ్ల అంగడి వ్యర్థాలు చెరువు వంకలో పారబోసేది బెంగుళూరు వాడు కాదు. శిఖం భూమిలోకి గట్టు జరిపేది హైదరాబాదు వాడు కాదు. దారి అడిగినవాడి దగ్గర వాటర్ బాటిలుకు రెండింతలు గుంజే అంగడి మన ఊరిదే. ఇంటిముందు కళ్లాపి చల్లకుండా చుట్టాన్ని శుభ్రంగా ఉండమనడం ఎలా చెల్లుతుంది?

నీళ్లుండి ఎండ తగ్గే అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకే ఇక్కడ విడిదికి అనువైన కాలం. ఆపైన రాతి నేల నిప్పులు చెరుగుతుంది. చిన్న చెరువులు అడుగంటుతాయి. చూడవచ్చేవారు ఉండేది ఆ ఐదు నెలలే. చెరువుతో బతికేవారికి పన్నెండు నెలలూ అదే దిక్కు. కాబట్టి జలాశయం ఉన్న ప్రతి పంచాయతీ వచ్చే గ్రామసభలోనే బండ్లు ఎక్కడ నిలపాలి, మైల ఎక్కడ పోయాలి, దశబంధం ఎవరు వసూలు చేయాలి అన్న మూడు ప్రశ్నలకు తీర్మానం చేసి కలెక్టరుకు పంపాలి. జిల్లా యంత్రాంగం ఆ తీర్మానాలను గౌరవించాలి. చూసిపోయేవారి సొమ్ములో పదోవంతుతో తూము బాగుపడి చివరి మడికి నీరు పారితే, ఆ బండ్లు మళ్లీ రావాలని ఊరే కోరుకుంటుంది.